రెండు గేట్ల మధ్య పుట్టెంట్రుకలు

1984లో నేను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక సబ్‌జైలులో హెడ్ వార్డర్‌గా ఉన్నాను. ఊరి పేరు చెప్పను. అప్పటి మనుషులు ఇంకా ఉన్నారు, చెబితే ఇంటికొచ్చి మరీ నన్ను నిలదీస్తారు. సబ్‌జైలంటే సినిమాల్లో చూపించే పెద్ద జైలు కాదు. కేసు తేలకముందు కోర్టు పంపినవాళ్లను, అంటే రిమాండ్ ఖైదీలను, ఉంచే చిన్న జైలు. మాది ఆరు గదులు, ఒక చేదబావి, వెనక వంటకొట్టం. కానీ గేట్లు మాత్రం పెద్ద జైళ్లకున్నట్టే రెండు. బయటిది మూస్తే గానీ లోపలిది తెరవకూడదు, లోపలిది మూస్తే గానీ బయటిది తెరవకూడదు. ఆ రెండింటి మధ్య ఒక గది అంత జాగాలో నా బల్ల, నా కుర్చీ, నా రిజిస్టర్లు ఉండేవి.

జైలు నౌకరీ అనగానే జనం ఖైదీల గురించి అడుగుతారు. నన్నడిగితే కష్టం ఖైదీలతో కాదు, వాళ్ల చుట్టాలతో. ఖైదీ ఎటూ పోడు. చుట్టం మాత్రం చెప్పిన రోజు రాడు, చెప్పని రోజు వస్తాడు, వచ్చాక పోడు. ఖైదీని చూడడానికి రావడాన్ని ములాఖత్ అంటాం. మా దగ్గర అది బుధవారం, శనివారం. ఖైదీకి ముగ్గురికి మించి రాకూడదు. ఇరవై నిమిషాలు, మధ్యలో ఇనుప జాలీ. తినేది ఏది తెచ్చినా తెచ్చినవాళ్లే ముందు మా ఎదుట తిని చూపించాలి. ఇరవై నిమిషాలు కాగానే మాట సగంలో ఉన్నా సరే లేపి పంపేవాణ్ణి. ఊళ్లో నాకు గడియారం సారని పేరు. వెనకాల అనుకునేవాళ్లు, నాకు తెలియదనుకునేవాళ్లు.

ఆ ఏడు దసరా ముందు రాజం అనే కుర్రాడు రిమాండ్ మీద వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి. కరీంనగర్ వైపు మరమగ్గాల మీద పని చేసేవాడు. సన్నగా, గాలి వీస్తే పడిపోయేటట్టున్నాడు. నేరం చూస్తే, సొంత బావ ముందుపన్ను ఇత్తడి చెంబుతో రాలగొట్టాడు. బావ గంగారాం, అంటే రాజం అక్క సుగుణ భర్త, మా ఊళ్లోనే దర్జీ.

"ఎందుకు కొట్టినవ్‌రా?" అని అడిగాను.

"నా మేనల్లుని పుట్టెంట్రుకలు వేములవాడల తియ్యాలె అన్న సార్. మా ఇంటి దేవుడు రాజన్న. బావనేమో బాసరల్నే తియ్యాలె అన్నడు. నేను వేములవాడ అన్న. ఆయన బాసర అన్నడు. నేను వేములవాడ అన్న."

"తర్వాత?"

"చెంబు చేతులున్నది సార్."

నేను హుస్నాబాద్ వాణ్ణి. నాకూ రాజన్నే. లోలోపల నా ఓటు వేములవాడకే పడింది గానీ, ఖాకీ వేసుకున్నాక అలాంటివి బయటికి అనకూడదు. "నడువ్ లోపలికి" అని మాత్రం అన్నాను.

తర్వాతి బుధవారం ములాఖత్‌కు రాజం తల్లి లచ్చవ్వ, అక్క సుగుణ వచ్చారు. గొడవ అయిన రోజే సుగుణ పిల్లవాణ్ణి చంకనేసుకొని తల్లిగారింటికి పోయిందట. ఇద్దరూ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. లచ్చవ్వ గిన్నెలో సర్వపిండి తెచ్చింది.

"ముందు నువ్వు జర తినాలె అవ్వా. రూలు" అన్నాను.

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు కొడుకా. పొద్దుగూకేదాక పచ్చినీళ్లు ముట్ట."

"అయితే లోపలికి పోదు."

"గట్లంటే నువ్వే తిను. నువ్వు సచ్చిపోకపోతే నా కొడుక్కియ్యి."

వరసలో నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ సర్వపిండి బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు వేసి కాల్చింది, వాసన బల్ల దాటి వస్తోంది. రూలు ప్రకారం వార్డర్ తినకూడదని ఎక్కడా లేదు. ఒక ముక్క తిన్నాను. ఇంకో ముక్క కూడా తిన్నాను, అనుమానం తీరాలి కదా.

జాలీ దగ్గర మాత్రం నవ్వులు లేవు. సుగుణ ముఖం పీక్కుపోయి ఉంది. పిల్లవాడికి పదకొండో నెల. వచ్చే వారం ఆ నెల నిండుతుంది. ఈ నెలలో తీయకపోతే మళ్లీ మూడో ఏడు దాకా ఆగాలి. గంగారాం తల్లి ఆగేది లేదందట. వచ్చే బుధవారం బాసర పోతారట. మేనమామ ఒడి కావాలి కాబట్టి, సుగుణకు వరసకు తమ్ముడయ్యే ఇంకెవరినో పిలిచారట.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. పుట్టెంట్రుకలంటే మేనమామ పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని ముందు మూడు కత్తెర్లు వేయాలి. ఆ తర్వాతే మంగలి చేయి పెడతాడు. సొంత మేనమామ బతికుండగా వేరేవాడు ఆ పీటమీద కూర్చున్నాడంటే, ఇక ఆ మేనమామ లేనట్టే లెక్క. రేపు ఆ ఇంట్లో పిల్లవాడి పెళ్లయినా, ఇంకేదైనా, వాణ్ణి ఎవరూ పిలవరు.

రాజం జాలీ పట్టుకొని, "అక్కా, నా ఒళ్లె కూసోవాల్సిన పోరడు ఇంకొకని ఒళ్లె కూసుంటడా?" అన్నాడు. "నీ ఒళ్లె తప్ప ఎవల ఒళ్లెనూ కూసోవెట్ట" అంది సుగుణ. కోర్టుకు దసరా సెలవులు. తెరిచేదాకా బెయిలు సంగతి కదలదు. బుధవారంలోపు వాడు బయటికి వచ్చే దారి లేదు.

ఆ పూట నుంచి రాజం అన్నం మానేశాడు. మీకు ఇది జాలిగా అనిపించవచ్చు. నాకైతే ముందు చెమటలు పట్టాయి. ఖైదీ అన్నం మానేస్తే డాక్టరుకు ఒక కాగితం, కోర్టుకు ఒక కాగితం, పై అధికారికి మూడు నకళ్లు. "తినురా నాయినా, నీకు దండం పెడుత" అన్నాను. తినలేదు. రెండో రోజు పళ్లెం వంక కూడా చూడలేదు. గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ వీపు చూశాక కాగితాల సంగతి మరిచిపోయాను. నాకూ ఇద్దరు చెల్లెళ్లున్నారు. వాళ్ల పిల్లలు నా ఒడిలోనే ఏడ్చారు.

మా సబ్‌జైలుకు సూపరింటెండెంటు తహసీల్దారే. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఆయన దగ్గరికి పోయి చెప్పాను: ములాఖత్ బుధవారమే, ముహూర్తం బుధవారమే. జైల్లో గడ్డాలు గీయడానికి వచ్చే రాజలింగు ఎలాగూ ఉన్నాడు. అతని కత్తెర మా రిజిస్టర్‌లో ఎక్కినదే. రెండు గేట్ల మధ్య కానిచ్చేస్తే ఖైదీ అన్నం తింటాడు.

"జైల్లో పుట్టువెంట్రుకలా? రూల్లో ఎక్కడుందయ్యా?" అన్నాడాయన.

"వద్దని సుత ఎక్కడ లేదు సార్."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "నేను బుధవారం క్యాంపులో ఉంటాను" అన్నాడు. సర్కారు నౌకరీ చేసినవాళ్లకు ఆ మాట అర్థం వేరే చెప్పక్కరలేదు.

ఇక గంగారాం కొట్టుకు పోయాను. కుట్టుమిషను ముందు కూర్చొని ఉన్నాడు. మాట్లాడుతుంటే ఊడిన పన్ను సందులోంచి గాలి పోతోంది. నేను సంగతి చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"నా పన్ను రాలగొట్టినోని కాడికి నేనే పోవాల్నా సార్? నా కొడుకును దీస్కోని? జైలుకా?"

"మరి బాసర ఎట్ల పోతవ్? సుగుణమ్మ తమ్ముని ఒళ్లె తప్ప ఎవల ఒళ్లెనూ కూసోవెట్టనని అన్నది గద."

అతను కత్తెర తీసి బల్లమీద పెట్టాడు. "నాకు సుత అదే చెప్పి పంపింది. అది వద్దంటే దేవుడొచ్చినా వినదు" అన్నాడు. తర్వాత మెల్లగా, "పది దినాలాయె సార్, పోరని మొకం చూసి" అన్నాడు. వస్తానని నోటితో అనలేదు. నేనూ అడగలేదు.

సుగుణ వాళ్లకు కబురు పంపాను, అది విన్నాక రాజం గంజి మాత్రం తాగాడు. బుధవారం గంగారాం వచ్చాడు. ములాఖత్ చిట్టీలో "ఖైదీకి ఏమవుతారు" అన్న చోట "బావ" అని రాయించాను. కింద, "కేసుతో సంబంధం" అన్న చోట "ఫిర్యాది" అని రాయాల్సి వచ్చింది. కేసు పెట్టినవాడే పట్టుబట్టలు కట్టుకొని ముద్దాయిని చూడడానికి రావడం నా నౌకరీలో అదే మొదలు. గంగారాం, సుగుణ, లచ్చవ్వ, ముగ్గురూ సరిపోయారు. పిల్లవాడికి రిజిస్టర్‌లో గడి లేదు, వదిలేశాను. రాజలింగు సామాను రాశాను: కత్తెర ఒకటి, కత్తి ఒకటి, గిన్నె ఒకటి. బయటి గేటు వేసి, లోపలి గేటు తీసి, రాజాన్ని తెచ్చి, లోపలి గేటు వేశాను. రెండు తాళంచెవులూ నా నడుముకున్నాయి. అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని సంబరపడ్డాను.

నా కుర్చీనే పీట చేశాం. రాజం కూర్చున్నాడు. సుగుణ పిల్లవాణ్ణి వాడి ఒడిలో పెట్టింది. లచ్చవ్వ పసుపు కుంకుమ పెట్టింది. పిల్లవాడు మేనమామ మీసం పట్టుకొని కిలకిలా నవ్వాడు. రాజలింగు కత్తెర అందించాడు. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు గంగారాం గొంతు సవరించుకున్నాడు.

"ముందే చెప్తున్న. తీసుడు ఈడ తీసినా, వెంట్రుకలు ఇచ్చుడు బాసరల్నే."

రాజం చేతిలో కత్తెర ఆగింది. "ఏంది బావా? నా చేతుల తీస్తే వేములవాడకే పోతయ్."

"నీ చెయ్యి సంగతి నాకు ఎరుకే" అని గంగారాం పెదవి ఎత్తి ఖాళీ జాగా చూపించాడు.

"చూపియ్యకు బావా. పక్కది ఇంక ఉన్నది."

అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. దాడి కేసు ముద్దాయి, చేతిలో కత్తెర, జానెడు దూరంలో ఫిర్యాది, మధ్యలో చంటిపిల్లవాడు, రెండు గేట్లకూ తాళాలు. ఇదంతా దగ్గరుండి ఏర్పాటు చేసిన మొనగాణ్ణి నేను. "రాజం! కత్తెర కింద పెట్టు!" అని అరిచాను. ఎవరూ వినలేదు. రాజలింగు కత్తి పట్టుకొని నా వెనక్కి వచ్చి దాక్కున్నాడు. బయటి గేటు తీస్తే ఖైదీ పారిపోతాడు, లోపలిది తీస్తే కత్తెర లోపలికి పోతుంది. ఇన్నాళ్లు వల్లెవేసిన రూళ్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అప్పుడు సుగుణ ముందుకొచ్చింది.

"ఆగుర్రి ఇద్దరు! గా దేవుళ్లిద్దరికి లేని పంచాది మీకెందుకు? ఒకడు మొగుడాయె, ఒకడు తోడవుట్టినోడాయె. ఎవని దిక్కు నిలవడాలె నేను? పదిహేను దినాల నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. ఒక్కడన్న అడిగిండా? నా కొడుకు వెంట్రుకలు ఇవి. కన్నది నేను. ధర్మపురికి పోయి గోదారి గంగల నేనే కలుపుత. ఇంకో మాట మాట్లాడిండ్రంటే ముందుగాల మీ ఇద్దరికి గుండు గీపిస్త. మంగలాయన ఈడనే ఉన్నడు!"

నా వెనక నుంచి రాజలింగు, "నాకేం తొందర లేదమ్మా, నీళ్లు సుత ఉన్నయ్" అన్నాడు.

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. గంగారాం తల దించుకున్నాడు. రాజం కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లవాడి తల ఒక చేత్తో పట్టుకొని మూడు కత్తెర్లు వేశాడు. రాలిన వెంట్రుకలు సుగుణ కొంగులో పట్టుకుంది. ఆ తర్వాత రాజలింగు కత్తి పెట్టగానే పిల్లవాడు ఎత్తుకున్నాడు చూడండి రాగం! లోపలి ఖైదీలంతా గేటు దగ్గరికి ఉరికొచ్చి, "సారూ, ఎవల్ని కొడుతున్నరు? పాపం, ఆపుర్రి సారూ!" అని అరవడం మొదలుపెట్టారు. నేను రిజిస్టర్ తెరిచి లెక్క చూసుకున్నాను. లోపలికి వచ్చినవారు, బయటికి పోయినవారు సరి. కత్తెర సరి. కత్తి సరి. ఆ మధ్యాహ్నం రాజం రెండు పళ్లేల అన్నం తిన్నాడు.

క్యాంపు నుంచి తిరిగొచ్చిన తహసీల్దారు, "బుధవారం విశేషాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఏం లేవ్ సార్. జైలు మొత్తం సాఫ్ చేపిచ్చిన" అన్నాను. కిందపడ్డ నాలుగు వెంట్రుకలు చీపురుతో ఊడ్పించింది నిజమే కదా.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. శనివారం ములాఖత్ వరసలో అందరికంటే ముందు గంగారాం నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు.

"ఇప్పుడేంది మల్ల?" అన్నాను.

"ఏం లేదు సార్. కోర్టు తెరవంగనే రాజీ అయితనని చెప్పిపోదామని."

జాలీకి అటు రాజం, ఇటు గంగారాం. ఇద్దరూ మాట్లాడలేదు. ఒకడు జాలీ గళ్లు లెక్కపెడుతున్నట్టు చూశాడు, ఇంకొకడు తన చెప్పులు చూసుకున్నాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పదిహేను. రాజీ మాట చెప్పడానికి వచ్చినవాడు అదీ చెప్పలేదు. నాకు చికాకు పుట్టింది. బయట ఇంకా పది మంది నిలబడి ఉన్నారు. ఇరవై నిమిషాలు కాగానే అలవాటు ప్రకారం, "టైం అయింది, నడువుర్రి!" అన్నాను.

గంగారాం కదిలాడు. అప్పుడు రాజం తల ఎత్తకుండానే, "నొస్తుందా బావా?" అన్నాడు.

గంగారాం వెనక్కి తిరిగి జాలీకి దగ్గరగా వచ్చాడు. "అన్నం తినేటప్పుడు జర" అన్నాడు.

నేను కుర్చీలో మళ్లీ కూర్చున్నాను. బయటి వరసవాళ్లు గోల చేస్తుంటే ఆగమని చేయి చూపించాను. ఆ తర్వాత ఎన్నో జైళ్లు తిరిగాను, ఎన్నో ములాఖత్‌లు చూశాను. ఇరవై నిమిషాలు కాగానే లేపి పంపడం మాత్రం ఆ శనివారంతోనే మానేశాను. ఇరవై నిమిషాలు చాలని రూలు రాసిన మహానుభావుడికి బామ్మర్ది లేడేమో.