ఫ్రీజర్ నిండుకుంది

తిండి దాచుకునే పద్ధతులు నేను తిరిగిన దేశాల్లో చాలానే చూశాను. ఉప్పులో ఊరేసేవాళ్ళు, పొయ్యి మీద పొగలో వేలాడదీసేవాళ్ళు, గొయ్యి తవ్వి పాతిపెట్టేవాళ్ళు. ఎక్కడైనా ఆ పని చేసేది ఆడవాళ్ళు, దాని గురించి పుస్తకాలు రాసేది మగవాళ్ళు. సిడ్నీ శివారు టూంగాబీలో జయశ్రీ గారి ఇంటి వెనక గదిలో అద్దెకు దిగేదాకా, వారం మొత్తాన్ని గడ్డకట్టించి అరల్లో నిలబెట్టే మనిషిని మాత్రం చూడలేదు.

జయశ్రీది గుడివాడ వైపు. పారమట్టాలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. ఏళ్ళ తరబడి రక్తం సీసాల మీద చీటీలు అంటించీ అంటించీ, ఇంట్లో పెరుగు గిన్నెకి చీటీ లేకపోయినా ఆవిడకి తోచదు. ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి వారం వంట అయిపోవాలి. పప్పయినా పులుసయినా కూరయినా పోపు పెట్టకుండా ఉడికించి, చల్లార్చి, జిప్ సంచుల్లో పోసి, పళ్ళెం మీద పలచగా పరిచి ఫ్రీజర్లో పెడుతుంది. గట్టిపడ్డాక వాటిని నిలబెట్టి సర్దుతుంది. తలుపు తీస్తే నాకు గ్రంథాలయం గుర్తొచ్చేది. పాలకూర పప్పు పక్కన ములక్కాడ పులుసు, దాని పక్కన గోంగూర, అట్ట మీద పేరూ తేదీతో సహా.

"పోపు మాత్రం ఏ రోజుది ఆ రోజే అంకుల్," అనేది. "ఇంగువ వాసన హాల్లోకి వెళ్ళిందనుకోండి, పప్పు ఎప్పటిదని ఎవరూ అడగరు."

బంగాళాదుంప గడ్డకడితే ఇసుకలా అవుతుందనీ, మజ్జిగ పులుసు విరిగిపోతుందనీ, వాటి జోలికి పోకూడదనీ నాకు ఆవిడే చెప్పింది. చింతపండు గుజ్జు ఐస్ ట్రేలో పోసి ముక్కలు చేసి ఉంచేది. పులుసుకి రెండు ముక్కలు, చారుకి ఒకటి. అల్లుడు సాకేత్ ఇంకా అల్లుడు కాకముందు, మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ ముక్కలు రెండు తీసుకుని కోలాలో వేసుకున్నాడట. మొహమాటానికి గ్లాసంతా తాగేశాడట. ఆ గ్లాసు చూశాకే పెళ్ళికి ఒప్పుకున్నానని జయశ్రీ భర్త ఉపేంద్ర ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

ఆవిడ దగ్గర ఏదీ పారేయడం అనేది లేదు. పాత నేత చీరలు నాలుగు మడతలు వేసి బొంతలు కుడుతుంది. అంచులు మిగిలితే కూరల సంచులకి చేతులవుతాయి. చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తల్లులు శనివారం వచ్చి వంట పద్ధతీ కుట్టు పద్ధతీ నేర్చుకుని పోయేవాళ్ళు. వాళ్ళకి చెప్పేటప్పుడు ఆవిడకి ఎంత ఓపికో. ఆ ఓపిక కన్నకూతురి మీద ఎందుకు లేకపోయిందన్నదే ఇక్కడి కథ.

కూతురు చైత్ర ఇక్కడే పుట్టింది. చిన్నప్పుడు ఆదివారం వంటింటి గుమ్మంలో కూర్చునేదట. మూడు పొయ్యిల మీద మూడు కుక్కర్లు, కింద ఉల్లిపాయల బుట్ట, మధ్యలో ఈ పిల్ల. "అడ్డం రాకమ్మా. వెళ్ళి చదువుకో. నీకు ఈ చాకిరీ వద్దు." ఈ మాట జయశ్రీ ప్రేమగానే అంది. ప్రతి ఆదివారమూ అంది. పిల్ల వెళ్ళేది, కాసేపటికి మళ్ళీ వచ్చి కూర్చునేది. యూనివర్సిటీకి వెళ్ళాక రావడం మానేసింది. తల్లి తెలుగులో అడిగేది, కూతురు ఇంగ్లీషులో జవాబిచ్చేది. మధ్యమధ్య ఒకటో రెండో తెలుగు మాటలు పడేవి, బియ్యంలో రాళ్ళలాగా. "దానికి వచ్చిన తెలుగు అంతే అంకుల్. ఆకలి, అన్నం, చాలు," అనేది జయశ్రీ.

పెళ్ళయ్యాక చైత్ర, సాకేత్ కాన్‌బెర్రాలో హారిసన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. మొన్న చలికాలం మొదట్లో పాప పుట్టింది. సాకేత్ తల్లికి వీసా ఇంకా రాలేదు. జయశ్రీ ముందునుంచే సిద్ధమవుతోంది. బాలింతకి పెట్టే బీరకాయ, పొట్లకాయ, సొరకాయ కూరలన్నీ సంచుల్లోకి ఎక్కాయి. వెల్లుల్లి దట్టించిన కారప్పొడి, సొంఠి పొడి సీసాల్లోకి ఎక్కాయి. శనివారం వచ్చే వైశాలి గారు ఇది చూసి ఊరుకోలేదు.

"బాలింతకి ఫ్రీజర్ పత్యమా జయశ్రీ! మా అమ్మ వింటే గుండె ఆగిపోతుంది."

"మీ అమ్మగారికి నైట్ డ్యూటీలు లేవుగా వదినా. వేడి చేస్తే అదే పత్యం."

కూతురి ప్రసవానికి జయశ్రీ వెళ్ళింది, పదిరోజులుంది. ఇంతలో సిడ్నీలో ఫ్లూ జ్వరాలు ఎక్కువయ్యాయి. ల్యాబులో పక్క మనిషి కూడా మంచం ఎక్కింది. రమ్మని కబురు. బయల్దేరే ముందు కూతురి ఫ్రీజర్‌ని అడుగునుంచి పైదాకా నింపి, పిల్లని ఎదురుగా నిలబెట్టి చెప్పింది. "ఇది అయిపోయేదాకా నీకు వంట బెంగ లేదు. అయిపోగానే ఒక్క మాట చెప్పు. నేను సెలవు పెట్టుకుని వచ్చేస్తాను. పాప దగ్గర నెల్లాళ్ళుంటాను." చైత్ర తలూపింది. ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం అదొక్కటే.

ఫోన్ వచ్చిన సాయంత్రం నేను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను, కాఫీ కోసం. జయశ్రీ ఫోను స్పీకర్లో పెట్టి బొంత కుడుతోంది, మనవరాలికి. పాప నిద్ర, పాప పాలు, పాప గుండు కబుర్లన్నీ అయ్యాక చైత్ర కాస్త ఆగి అంది:

"అమ్మా, ఫ్రీజర్ నిండుకుంది. ఆల్రెడీ."

"అప్పుడేనా! మంచిదే. అయితే ఇంక తొందరేం లేదన్నమాట."

"ఓకే అమ్మా. నో వర్రీస్," అంది చైత్ర.

ఫోను పెట్టేశాక జయశ్రీ నావైపు తిరిగి సంతోషంగా చెప్పింది. "సాకేత్ ఆఫీసువాళ్ళు లసాన్యాలని చీజు వంటకాలు పట్టుకొచ్చి పడేస్తున్నారంట అంకుల్. మొన్న వీడియోలో చూశాను, రెండు ట్రేలు. నేను పెట్టినవి తియ్యకుండానే ఫ్రీజర్ నిండిపోయింది. పోనీలెండి, ఇక్కడ జ్వరాలు తగ్గాక నిదానంగా వెళ్తాను."

ఆవిడ చెవికి వినబడింది నిండిపోయిందనే. అందులో ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్ళుగా కూతురి తెలుగుని ఆవిడ మనసులోనే సరిదిద్దుకుంటూ వింటోంది. నిండుకోవడానికీ నిండిపోవడానికీ తేడా ఆ పిల్లకి తెలుస్తుందని తట్టను కూడా లేదు. నేను కాఫీలో పంచదార కలుపుకుంటూ పాప గుండు గురించే ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత రోజూ వీడియో కాల్సు నడిచాయి. చైత్ర కెమెరా ఎప్పుడూ పాప మీదే పెట్టేది. "తింటున్నావా?" అంటే "యా యా" అనేది. సాకేత్ "ఆల్ గుడ్ ఆంటీ" అనేవాడు. అతనికి ఆల్ గుడ్ కానిది ఏదీ ఉండదు, చింతపండు కోలాతో సహా.

ఇరవై ఒకటో రోజు కుదరక, నెల దాటాక బారసాల పెట్టుకున్నారు. జయశ్రీ, ఉపేంద్ర పొద్దున్నే కారులో బయల్దేరుతూ నన్నూ ఎక్కించుకున్నారు. కారు ఎక్కమంటే కాదనే అలవాటు నాకు ఎన్నడూ లేదు. హారిసన్ చేరేసరికి గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది, వెల్లుల్లి వాసన. వంటింట్లో పొడుగాటి పెద్దావిడ ఒకరు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కింటి రుక్మణి ఆంటీ అని చైత్ర పరిచయం చేసింది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. చెరకు తోటల కాలంలో వెళ్ళిన ముత్తాతల తెలుగు ఆవిడ నోట్లో కొంచెం మిగిలింది, కొంచెం హిందీ, మిగతాది ఇంగ్లీషు.

"నమస్తే. మా అవ్వ మాట్లాడేది తెలుగు. నాకు కొంచమే వస్తాది," అని సిగ్గుపడుతూ నవ్వారు.

జయశ్రీ తెచ్చిన ఐస్‌క్రీం పెట్టడానికి ఫ్రీజర్ తలుపు తీసింది. లోపల ఒక బఠానీల సంచీ, ఒక మంచు ట్రే. అంతే.

"ఏంటే ఇది? అన్నీ ఏమయ్యాయి?"

"తినేశాం అమ్మా."

"మరి నిండుకుందన్నావు!"

"అవును. నిండుకుంది అనే చెప్పాను."

జయశ్రీకి ఇంకా అందలేదు. తలుపు పట్టుకునే నిలబడింది, చల్లని పొగ కాళ్ళ మీదికి జారుతోంది. చైత్ర పాపని భుజం మార్చుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"నువ్వే కదమ్మా అనేదానివి. సండేస్. బియ్యం నిండుకున్నాయి, నూనె నిండుకుంది. అప్పుడు నాన్న షాప్‌కి వెళ్ళేవాడు. అయిపోయింది అనకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుంది అన్నావు. ఐ రిమెంబర్. న్యూ బేబీ ఉన్న ఇంట్లో అయిపోయింది అని అనకూడదని, దట్స్ వై ఐ సెడ్ ఇట్ ప్రాపర్లీ."

ఈ మాట గురించి నేను ఒకప్పుడు ఎక్కడో రాశాను కూడా. వంటింట్లో లేదనే మాట పలకలేని జాతి మనది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మనిషి వెళ్ళిపోడు, వెళ్ళొస్తాడు. ఖాళీ అయిన డబ్బా నిండుకుంటుంది. పరాయి భాషలవాళ్ళకి ఇది చెబితే వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ వంటింట్లో మాత్రం నవ్వు రాలేదు. గుమ్మంలో కూర్చుని పోగేసుకున్న ఒక్క మంచి తెలుగు మాటని ఆ పిల్ల జాగ్రత్తగా దాచుకుని, సరైన చోట వాడింది. తల్లికి అది అర్థం కాలేదు.

"నీకు ఆ మాట తెలుసని నాకు తెలీదే," అంది జయశ్రీ.

"నువ్వు ఎప్పుడూ అడగలేదు కదమ్మా."

"మరి నేను తొందరేం లేదంటే, ఇంకోసారి చెప్పచ్చుగా? అరవచ్చుగా?"

"నువ్వు మంచిదే అన్నావు." చైత్ర గొంతులో కోపం లేదు. అదే జయశ్రీకి ఎక్కువ తగిలింది. "ఐ థాట్, అమ్మకి వర్క్ ఉంది. ఎప్పుడూ ఉంటుంది కదా. నాలుగు రోజులు టోస్ట్ తిన్నాం. తర్వాత రుక్మణి ఆంటీ ఫెన్స్ మీదనుంచి చూసి, వాట్ ఆర్ యు ఈటింగ్ బేటీ అని అడిగారు."

ఉపేంద్ర ఏదో హాస్యం ఆడబోయి మానేశాడు. బారసాల బాగానే జరిగింది. పాపని బొంతలో చుట్టి ఉయ్యాల్లో వేశారు, పేరు పెట్టారు, వచ్చినవాళ్ళు బొంత కుట్టుని మెచ్చుకున్నారు. జయశ్రీ అందరికీ నవ్వుతూనే వడ్డించింది.

ఆ సాయంత్రమే ల్యాబుకి ఫోను చేసి సెలవు పెట్టేసింది. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో ఆవిడకి పట్టలేదు. అక్కడున్న రెండు వారాల సంగతీ తిరిగొచ్చాక ఆవిడ నాకు చెప్పిందే.

ఉండడానికి ఉంది గానీ చెయ్యడానికి పని లేదు. పాప నీళ్ళకి రుక్మణి చేతులు అలవాటయ్యాయి. జయశ్రీ పోస్తే ఏడుపు, ఆవిడ పోస్తే ఊరుకోవడం. మధ్యాహ్నం రుక్మణి వచ్చేసరికి చైత్ర ముఖం విప్పారేది. ఇద్దరూ వంటింట్లో చేరేవాళ్ళు. రుక్మణి ఉల్లిపాయ తరిగితే చైత్ర పోపు వేసేది. ఆవాలు చిటపటమంటుంటే, "ఇంకా ఉండు, ఇంకా ఉండు, ఇప్పుడెయ్యి," అని రుక్మణి తన అవ్వ తెలుగులో చెప్పేది. "ఇంగువ ఎంత ఆంటీ?" అని చైత్ర తెలుగులోనే అడిగేది. ఒకరికి రాని మాట ఇంకొకరు అందించుకుంటూ, తప్పులకి నవ్వుకుంటూ. జయశ్రీ హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతూ వినేది.

"మీరూ వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవలసింది," అన్నాను.

"వెళ్ళాను అంకుల్. వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. నువ్వు రెస్ట్ తీసుకో అమ్మా అంది. నిజంగానే అంది, విసుక్కుని కాదు. నేను దాని దగ్గర కూర్చోవడం దానికి అలవాటు లేదు, అంతే."

ఆవిడే మళ్ళీ అంది. "పిల్లకి చాకిరీ తప్పించాననుకున్నాను. పదహారేళ్ళ ఆదివారాలు అంకుల్, పదహారేళ్ళు. పక్కన పీట వేసి చిక్కుళ్ళు ఒలవమంటే ఏం పోయేది? పని ఆలస్యమయ్యేది. అంతేగా."

ఇప్పుడూ ఆదివారం మూడు కుక్కర్లూ ఎక్కుతున్నాయి, నెలకోసారి సంచులు హారిసన్ వెళ్తున్నాయి. రాకపోకలకి ఏ గొడవా లేదు. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం ముందుకంటే ఎక్కువే అయింది. కాకపోతే చైత్ర ఇప్పుడు తల్లితో తెలుగు మాట ఒక్కటి కూడా వాడటం లేదు. మళ్ళీ పొరపాటు జరక్కూడదని. మొన్న జయశ్రీ ఫోను తెచ్చి, వచ్చిన మెసేజి నాకు చూపించింది.

"అమ్మా, ద ఫ్రీజర్ ఈజ్ ఎంప్టీ. కెన్ యు ప్లీజ్ కమ్ దిస్ సాటర్డే?"

"చూశారా అంకుల్, ఎంత స్పష్టంగా రాసిందో," అంది. "చిన్నపిల్లకైనా అర్థమవుతుంది."

శనివారం వెళ్ళడానికి సంచులు తీసి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక వెనక్కి తిరక్కుండానే అడిగింది, జవాబుగా ఏం రాస్తే బాగుంటుందని. తెలుగులో రాయమన్నాను. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి "కమింగ్" అని పంపించి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.