రత్తమ్మకి గిట్టని లైట్లు

లైట్ల షాపుకి రత్తమ్మని ఎవరూ రమ్మనలేదు. కొడుకు గంగాధర్ కారు తాళాలు తీసుకుని గుమ్మం దాటేసరికి, ఆమె ఉతికిన చీర కట్టుకుని, చంకన సంచీ పెట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. కోడలు సత్యశ్రీ ఆమె వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసి ఫోనులోకి తల దించుకుంది. ఆ ఇంట్లో యుద్ధాలు సగం ఇలాగే, మాటల్లేకుండా మొదలవుతాయి.

భవానీపురంలో ఆ ఫ్లాటు కొని మూడు నెలలైంది. వంటిల్లూ భోజనాల గదీ మధ్యన గోడ లేదు. పొయ్యి మీద ఏం ఉడుకుతోందో సోఫాలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. గోడ లేని వంటిల్లేవిటని రత్తమ్మ గృహప్రవేశం నాడే మూతి విరిచింది. ఇప్పుడు కోడలు భోజనాల బల్ల మీదకి మూడు లైట్లు వేలాడదీయిస్తానంటోంది. నల్లటి ఇనప చిప్పలు, లోపల పసుపు వెలుగు. ఫోనులో బొమ్మ చూపిస్తే రత్తమ్మకి ఒళ్ళు మండింది.

పసుపు లైటంటే ఆమెకి ఊరికే మంట కాదు. రత్తమ్మది కైకలూరు అవతల లంక ఊరు. మొగుడు పోలరాజు జ్వరంతో పోయేనాటికి గంగాధర్ ఏడో తరగతి. వాణ్ణి వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, మొదట గంప, తర్వాత వన్‌టౌన్ వైపు చేపల మార్కెట్లో నాలుగడుగుల అరుగు, అక్కడే పదిహేనేళ్ళు. చేప మొప్ప ఎత్తి చూపించి అమ్మేది. ఒకసారి పక్క అరుగువాడు బల్బుకి ఎర్ర కాయితం చుట్టాడు. ఆ వెలుగులో రెండ్రోజుల చేప మొప్ప కూడా నెత్తురోడుతున్నట్టే ఉంటుంది. రత్తమ్మ కత్తిపీట వదిలి లేచెళ్ళి ఆ కాయితం చింపి వాడి మొహాన కొట్టింది. మార్కెట్టంతా గుమిగూడింది. అప్పట్నుంచి ఆమె అరుగు మీద తెల్ల ట్యూబులైటు చూసే జనం నమ్మేవాళ్ళు.

రెండేళ్ళ కిందట గంగాధర్ పెళ్ళయింది. "సత్య బ్యాంకులో పనిచేస్తుందమ్మా. ఇంక నువ్వు మార్కెట్లో కూర్చుంటే బాగోదు," అన్నాడు వాడు. అరుగు వదిలించింది కొడుకే అయినా రత్తమ్మ ఆ పాపం కోడలి నెత్తినే రాసేసింది. కడుపున పుట్టినవాడి మీద కోపం ఎన్నాళ్ళని మోస్తుంది? కోడలి మీదైతే ఎంతకాలమైనా మోయొచ్చు.

ఏలూరు రోడ్డులో ఆ షాపు పైకప్పు నిండా లైట్లే. వినీల అనే అమ్మాయి చూపిస్తోంది. "బల్లకి రెండున్నర అడుగుల ఎత్తులో వేలాడితే కళ్ళలో కొట్టదు మేడం. ఈ పసుపు వార్మ్ లైటే తీసుకోండి, ఇల్లు హాయిగా ఉంటుంది," అంది.

"హాయి నాకెందుకమ్మా, తినేది కనపడాలిగానీ," అంది రత్తమ్మ.

"అత్తయ్యా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి కాసేపు," అంది సత్యశ్రీ.

ఆ మాటతో రత్తమ్మ సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి తెచ్చిన రెండు శీలావతి చేప తలకాయలు, ఒకటి ఆ పూటది, ఒకటి మొన్నటిది. వేలాడుతున్న పసుపు లైటు కింద అద్దాల కౌంటరు మీద రెంటినీ పక్కపక్కన పెట్టి మొప్పలు ఎత్తింది.

"ఏది తాజాదో చెప్పమ్మాయ్."

వినీల బిత్తరపోయింది. వెనక నిలబడ్డ ఒకావిడ ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. గంగాధర్ "అమ్మా" అన్నాడు గానీ ఆ గొంతు వాడికే వినపడలేదు.

"రెండూ ఒకేలా ఉన్నాయండీ," అంది వినీల చివరికి.

రత్తమ్మ తలకాయలు తీసుకెళ్ళి తెల్ల లైటు కింద పెట్టింది. ఒక మొప్ప దానిమ్మ గింజలా ఉంది. రెండోది తుప్పు పట్టిన రేకులా ఉంది.

"చూశావా? ఇది దొంగల దీపం. దీని కింద కుళ్ళిందీ కనపడదు, ముల్లూ కనపడదు. మనింట్లో చేప వండుతున్నామని వచ్చినోళ్ళకి తెలీకూడదు, అదీ దీని సంగతి. ఏమ్మా సత్తెశ్రీ, మీ అమ్మ గిలకలదిండిలో ఎండుచేపలు అమ్మి నిన్ను చదివించలేదూ? ఇప్పుడు నీకు నీచు కంపు కొడతందా?"

సత్యశ్రీ గొంతు పెంచలేదు, అదే రత్తమ్మకి ఎక్కువ గుచ్చుకుంది.

"అవును, అమ్మింది. ఆ గంపల పక్కనే తెల్ల ట్యూబులైటు కింద నేను చదువుకున్నాను. స్కూల్లో నా బెంచీ మీద ఇంకో పిల్ల కూర్చునేది కాదు. ఆ తెల్లటి వెలుగు చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. అది మీకు చెప్పుకోవాల్సిన పని లేదు, అయినా చెబుతున్నాను." వినీల వైపు తిరిగింది. "ఆ మూడూ ప్యాక్ చేయండి. పసుపువే."

అన్న మాట వెనక్కి తీసుకోవడం రత్తమ్మ బతుకులో లేదు. చేప తలలు కవర్లో వేసి, కౌంటరు మీద తడిని కొంగుతో తుడిచి, కారెక్కకుండా బస్సులో ఇంటికొచ్చింది.

మూడో రోజున శౌరయ్య అనే ఎలక్ట్రీషియను వచ్చి లైట్లు బిగించాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర సత్యశ్రీ మూడు లైట్లూ వేసింది. రత్తమ్మ లేచెళ్ళి వంటింటి వైపు ట్యూబులైటు వేసింది. సత్యశ్రీ ఆపింది. రత్తమ్మ మళ్ళీ వేసింది. గంగాధర్ కంచంలోంచి తల ఎత్తలేదు. చేప ముక్కలో ముల్లు ఏరుకుంటున్నంత శ్రద్ధగా పప్పన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఒరే, ఇద్దరిలో ఒకళ్ళకి చెప్పలేవట్రా?" అంది రత్తమ్మ.

"ఏ లైటైతేనేంటమ్మా, తినండి," అన్నాడు వాడు. ఆ మాటకి అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి వాడి వంక చూశారు. ఆ ఇంట్లో ఆ ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

వారం తిరక్కుండా రత్తమ్మ శౌరయ్యకి ఫోను చేసి, కోడలు బ్యాంకుకెళ్ళిన వేళ చూసి, ఆ చిప్పల్లో తెల్ల బల్బులు పెట్టించింది. సాయంత్రం సత్యశ్రీ వచ్చి స్విచ్ వేసింది. బల్లంతా ఆసుపత్రిలా తెల్లబారింది. చెప్పులైనా విప్పకుండా కుర్చీ ఎక్కి, మూడు బల్బులూ విప్పి, అత్తగారి మంచం మీద వరసగా పెట్టింది.

"మీ గదిలో ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోండి అత్తయ్యా. ఆ బల్ల మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. ఈ ఇంట్లో నేను ఎంచుకున్నది అదొక్కటే. ఫ్లాటు ఆయన చూశారు, పూజగది మీరు చెప్పినట్టు కట్టించాం. చేపల కోసం సింకు కూడా మీరన్న చోటే పెట్టాం."

ప్రతి మాటా నిజమే. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చేంత కోపం అబద్ధం చెప్పినవాళ్ళ మీద రాదు.

"అయితే ఈ ఇంట్లో నాకేం పని?" అంది రత్తమ్మ.

"నేను ఆ మాట అన్లేదు," అని సత్యశ్రీ వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే రత్తమ్మ అటక మీది కత్తిపీట దించి, గోనెసంచిలో చుట్టుకుని ఆటో ఎక్కింది. మార్కెట్లో ఆమె అరుగు ఎప్పుడో వేరేవాళ్ళదైపోయింది. చేపలకి వేలంపాట పాడే హనుమయ్య ఆమెని చూసి నోరు తెరిచాడు.

"ఏంటి రత్తమ్మక్కా, దారి తప్పొచ్చావా?"

"చోటు చూపించు. చేపలు కోస్తాను."

"నీకేం ఖర్మ పట్టింది? కొడుకు కంపెనీలో, కోడలు బ్యాంకులో..."

"చోటుందా లేదా?"

నీళ్ళ కుళాయి పక్కన చోటిచ్చాడు. మొదటి గంటలో వేలు రెండుసార్లు తెగింది. పదింటికల్లా చెయ్యి పాత దారిలో పడింది. జారిపోయే కొరమీనుని బూడిదలో పొర్లించి, ఒక్క ఊపున తల వేరుచేసింది. నడుం విరిగిపోతోంది, కానీ రెండేళ్ళుగా రాని ఆకలేసింది.

సాయంత్రం గంగాధర్ బతిమాలాడు, అరిచాడు, పరువు పోతోందన్నాడు. మర్నాడు రత్తమ్మ మార్కెట్టు నుంచి వచ్చేసరికి సత్యశ్రీ పెట్టిన డెట్టాల్ సీసా, వేరే బకెట్టూ బాత్రూంలో ఉన్నాయి. అది మర్యాదో ఈసడింపో రత్తమ్మకి తేలలేదు. ఈసడింపేనని తీర్మానించుకుంది. ఆ తర్వాత ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. కంచం పట్టుకెళ్ళి తన గదిలో, తెల్ల బల్బు కింద తినేది.

రెండో ఆదివారం చేపలు కోయించుకునేవాళ్ళ వరసలో నిలబడ్డ ఒక పెద్దమనిషి ఆమెని తేరిపార చూశాడు. సత్యశ్రీ బ్యాంకు మేనేజరు వెంకటకృష్ణారావు. గృహప్రవేశానికి వచ్చి భోంచేసి వెళ్ళినాయన.

"మీరు సత్యశ్రీగారి అత్తగారు కదండీ?"

రత్తమ్మ కత్తి మీంచి కళ్ళెత్తలేదు. కాదనొచ్చు. కోడలి మీద కసి తీరాలంటే అవుననొచ్చు. రెండూ తోచాయి. "అవునండీ. ముక్కలు పులుసుకా, వేపుడుకా?" అంది. వేపుడుకన్నాడాయన. అతి పల్చగా, ఒక్క పొలుసు మిగలకుండా కోసిచ్చింది.

సోమవారం సాయంత్రం సత్యశ్రీ తిన్నగా ఆమె గదిలోకి వచ్చింది. రత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, అనబోయే మాటలన్నీ కూడదీసుకుంది.

"మా మేనేజరు నలుగురి ముందూ చెప్పారు, మిమ్మల్ని చూశానని," అంది సత్యశ్రీ.

"సిగ్గేసిందా?"

"వేసింది."

"మానమంటావా?"

"నేను మానమంటే మానతారా మీరు?" సత్యశ్రీ గొంతు పదునుగానే ఉంది. "మీరు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. ఆ గోనెసంచి పట్టుకుని మెట్ల మీద కూర్చుంటున్నారని వాచ్‌మన్ చెప్పాడు. ఫ్లాట్లవాళ్ళందరూ చూస్తున్నారు." హ్యాండ్‌బ్యాగులోంచి కొత్త తాళంచెవి తీసి మంచం మీదకి విసిరింది. అది జారి కింద పడింది. ఆమె వంగి తీయలేదు. "మీకోసం చేయించలేదు. నా పరువు కోసం చేయించాను."

"నేనూ నీకోసం తీసుకోవడంలేదులే," అంది రత్తమ్మ.

కోడలు వెళ్ళిపోయాక ఆమె వంగి తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.