గులాబీకి తలంటు

నా చిన్నప్పుడు, ఏడో ఎనిమిదో ఏట, నేను ఒక గులాబీకి తలంటు పోశాను. ఈ మాట చెబితే మా మనవలు ఇప్పటికీ పకపకా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మా తాతయ్య రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళ కొడుకు. ఆయనకు మాత్రం చిన్నప్పటి నుంచీ మొక్కల పిచ్చి. వయసులో ఉండగా ఉత్తరాన కొండమీది మేమ్యోలో ఒక పెద్ద బంగళాకు తోటమాలిగా ఉండేవాడు. అక్కడి చలి గురించి ఆయన చెబుతుంటే, ఇక్కడ ఉక్కతో ఒళ్ళంతా తడిసి కూర్చున్న మేము నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉండేదట. ఆ చలిలోనే, ఆరుబయటే, కోసిన కొమ్మల్ని మట్టిలో గుచ్చి ఒక్కోదాని మీద ఒక్కో గాజు సీసా బోర్లించేవాడట. బయట నీళ్ళు గడ్డకట్టినా సీసా లోపల పుల్ల పచ్చగానే ఉండేదట. చలికాలం పోయేసరికి దానికి వేళ్ళు. వేరు లేని పుల్లకు వేరు ఎక్కణ్ణుంచి వస్తుంది తాతా అని అడిగితే, "నాకూ తెల్దమ్మా. ఇన్నేళ్ళు సూసినాను, ఇంకా తెల్దు" అనేవాడు. అంత తెలిసిన మనిషి తెలియదనడం నాకు ఆ మంచు కంటే పెద్ద వింత.

ఆ కొండల నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్కటే, లేత రంగు పూలు పూసే గులాబీ మొక్క. సంచౌంగ్ పేటలో మేమున్న అద్దె ఇంటి పెరట్లో నాటి, దాన్ని రంగూన్ ఎండకూ వానకూ ఎలాగో అలవాటు చేశాడు. మా మామ్మ, అంటే ఆయన భార్య, బతికున్నన్నాళ్ళూ ఆ పువ్వే తలలో పెట్టుకుంది. ఆవిడ పోయాక తాతయ్య రోజూ పొద్దున్నే ఆ మొక్క దగ్గర కాసేపు కూర్చునేవాడు. అప్పుడు మేమెవరం ఆయన్ని పలకరించేవాళ్ళం కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఇంటివాళ్ళు ఆ స్థలంలో కొత్త ఇల్లు కట్టుకుంటామని మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. ముదురు మొక్క, పెళ్ళగిస్తే బతకదు. కొమ్మలు గుచ్చే కాలమూ కాదు. అయినా తాతయ్య ఐదు కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, తామ్వే పేటలోని మా కొత్త ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మేము వచ్చిన వారానికే ఆ పాత ఇంటి పెరడంతా చదును చేసేశారు. ఇక మామ్మ గులాబీ అంటే ఈ ఐదు పుల్లలే. కడిగిన ఇసుక నింపిన మట్టి తొట్టిలో వాటిని వరసగా గుచ్చి, వరండాలో నీడన పెట్టాడు. కొండమీద చలి చంపుతుంది, ఇక్కడ తడి చంపుతుంది, తను తప్ప ఎవరూ నీళ్ళు పోయొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. నేనూ విన్నాను.

అంతలో తింజాన్ వచ్చింది. బర్మావాళ్ళ కొత్త సంవత్సరం, నీళ్ళ పండగ. మా అమ్మది బర్మా పుట్టిల్లు కాబట్టి మాకు ఉగాదీ ఉంది, తింజానూ ఉంది. పండగ రోజుల్లో వీధిలో కుర్రకారు బకెట్లతో తడుపుకుంటుంటే, పిల్లలు ముసలివాళ్ళను పీట మీద కూర్చోబెట్టి తలంటు పోస్తారు. చెట్టు బెరడూ శీకాయా కలిపి కాచిన నురగనీళ్ళతో పోస్తే పుణ్యమని నమ్మకం. ఎదురింటి పిల్లలు వాళ్ళ అమ్మమ్మకు పోస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని దీవిస్తోంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. మా మామ్మ లేదు, ఉన్నదల్లా ఆ తొట్టిలోనే ఉంది. వాళ్ళను అడిగి రెండు చెంబుల నురగనీళ్ళు తెచ్చి ఐదు పుల్లలకూ తలంటు పోశాను. ఆపైన మంచినీళ్ళు కుమ్మరించి, దణ్ణం పెట్టాను. తాతయ్య వద్దన్నది మామూలు నీళ్ళు, ఇవి పండగ నీళ్ళు కదా అని నా లెక్క.

నాలుగు రోజుల్లో నాలుగు పుల్లలు అడుగు నుంచి నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా ఊడొచ్చాయి. తొట్టికి ఒక మూల బీట ఉండటంతో అక్కడ నీళ్ళు నిలవలేదు. ఆ మూలనున్న పుల్ల ఒక్కటే మిగిలింది, అదీ సగం. నేను వెక్కుతూ అమ్మతో అంతా చెప్పేశాను. అమ్మ మామగారిని 'అఫే' అనేది, వాళ్ళ భాషలో నాన్న అని. "అఫే, పిల్ల మామ్మ అనుకుని తలంటిందంట" అని చెప్పి తల దించుకుంది.

తాతయ్య ఆ నల్లటి పుల్లల్ని చేతిలోకి తీసుకున్నాడు. దెబ్బ పడుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"సీకాయతోనేటే?" అన్నాడు. తల ఊపాను. "మీ మామ్మకి సీకాయంటే ఇష్టవేలే" అన్నాడు.

తరువాత ఆ ఐదో పుల్లను పైకి తీసి నల్లబడిన అడుగు కోశాడు. లోపల గోధుమరంగు. ఇంకొంచెం కోశాడు, ఇంకా గోధుమరంగే. మూడోసారి కోస్తే పచ్చగా కనిపించింది. మిగిలింది జానెడు. దాన్ని మళ్ళీ మధ్యకు రెండు ముక్కలు చేశాడు. లావుపాటి అడుగుముక్క నా చేతిలో పెట్టి, చిగురున్న కొస తను తీసుకున్నాడు.

"ఇది నీది, ఇది నాది. నాది ఎలాగూ బతుకుతాది. నీకేటి బయం? నీది నువ్వు సూసుకో" అన్నాడు.

రెండు గాజు సీసాల్లో ఇసుక నింపి, పుల్ల గాజుకు ఆనేలా గుచ్చి, చుట్టూ నల్ల కాగితం చుట్టాం. నా సీసాకు నీళ్ళు నేనే పెట్టాలి. చేతివేళ్ళు ముంచి విదిలిస్తే రాలినన్ని, అంతే. ఆయన సీసా మీద మాత్రం కొండమీది పద్ధతి అని ఇంకో సీసా బోర్లించి, గుడ్డ కప్పి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నాకు బెంగ లేదు. నాది పోయినా పక్కన తాతయ్యది ఉంది. ఆ ధీమాతో నా చెయ్యి ఒక్కనాడూ వణకలేదు.

తొలి వానలు పడిన వారంలో ఒక పొద్దున్న కాగితం విప్పాం. గాజుకు అంటుకుని సన్నటి తెల్లటి దారం. మొన్నటిదాకా లేదు. ఎవరూ పెట్టలేదు. వట్టి ఇసుకలో, చీకట్లో, తనంతట తాను వచ్చింది. పక్కకు చూస్తే తాతయ్య ఆ సీసాకు చేతులు జోడించి ఉన్నాడు. జీవితమంతా మొక్కలు పెంచిన మనిషి మొదటిసారి చూసినట్టు చూస్తున్నాడు.

కాసేపటికి "నీది చూద్దాం తాతా" అన్నాను. గుడ్డ తీశాడు. లోపల ఎండిపోయిన నల్ల పుల్ల.

"ఎప్పుడు పోయింది?"

"పెట్టిన మూడోనాడే" అని నవ్వాడు.

అప్పటికి నాకు అర్థమైంది అంతవరకే. మిగతాది పెద్దయ్యాక, నేను కొమ్మలు గుచ్చడం మొదలుపెట్టాక తెలిసింది. మా ఎండల్లో లేత కొసకు వేరు రాదు. వస్తే ముదురు అడుక్కే వస్తుంది. ఆ సంగతి కత్తి పట్టుకున్నప్పుడే ఆయనకు తెలుసు. మామ్మ గులాబీ మొత్తాన్నీ దాన్ని చంపిన చేతిలోనే పెట్టి, ఆ బరువు నాకు తెలియకుండా చచ్చిన పుల్లను గుడ్డ కింద కాపలా పెట్టాడు.

ఆ మొక్క పిల్లలు ఇప్పుడు తామ్వేలో చాలా వరండాల్లో ఉన్నాయి. కొమ్మ కావాలని ఎవరొచ్చినా, చిన్నపిల్లలొస్తే మరీనూ, ఒక్క కొమ్మే కోసి రెండు చేస్తాను. అడుగుముక్క వాళ్ళకిస్తాను. చిగురు కొస నేను ఉంచుకుని, సీసాలో గుచ్చి గుడ్డ కప్పుతాను. ఇంతవరకూ ఒక్కటీ బతకలేదు.