ఆదివారం సూది

నేనాడిన అబద్ధాల్లో నాకంటే ముందు కృష్ణ దాటి మా మేనత్త ఇంటికి చేరింది ఒక్కటే.

అది గుడివాడ నుంచి బందరు వచ్చే రైల్లో పుట్టింది. పెట్టెలో ఎవరో దగ్గుతుంటే, ఊరికే కూర్చోలేక ఓ ఓడ సరంగు కథ చెప్పాను. దగ్గుతో లేవలేని మనిషిని రేవులో నలుగురు మోసుకుంటూ దించారట. సి విటమిన్ బిళ్లలు పూటకు గుప్పెడు మింగి, వారం తిరక్కుండా బియ్యం బస్తా భుజానేసుకుని ఓడెక్కాడట.

"అన్ని బిళ్లలు మాకెక్కడివండీ?" అన్నాడు దగ్గుతున్నాయన.

"ఉసిరికాయ నిండా అదేనండీ," అన్నాను. బందర్లో దిగి మరిచిపోయాను.

రెండు నెలలకు కోడూరు వెళ్తే, అత్త మంచం కింద గంపెడు ఉసిరికాయలు! నన్ను పెంచిన మనిషి. క్షయ. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేయించాలనీ, మధ్యలో ఆపితే మనిషి దక్కదనీ డాక్టరుగారు చెప్పారు. అత్త ఆపేసి నాలుగు రోజులయింది.

"సూదులెందుకురా? బందర్లో సరంగెవరో సి విటమిన్‌తో లేచి రెండు బస్తాలు మోశాడంట!"

నేను మోయించింది ఒక్కటే.

"అత్తా, ఆ సరంగు లేడు. నేనే పుట్టించాను."

"నీ మొహం! నీ అబద్ధాలు నాకు తెలీవూ? ఇంత నమ్మకంగా ఉండవురా."

నిజం చెప్పినందుకు దక్కిన మర్యాద అది. అంతలో ఆమెకు దగ్గు తెర వచ్చింది. గుడ్డ మీద ఎర్రగా పడింది. ఇక నాకు చేతనైన విద్యకే దిగాను. సూది వేసే కాంపౌండరుగారిని వెంటబెట్టుకొచ్చాను.

"గంపెడు ఎన్నాళ్లు నములుతావత్తా? బండెడు ఉసిరికాయలు పిండి, ఆరబెట్టి ఈ సీసాలో పోశారు. చూడు, తెల్లటి పొడి!"

కాంపౌండరుగారు క్రైస్తవులు, అబద్ధమాడరని ఊరికి నమ్మకం. అత్త ఆయన్నే అడిగింది. "నిజమేనాండీ?"

ఆయన పొడిలో నీళ్లు కలుపుతూ నన్నోసారి చూశారు. "పనిచేసే మందేనమ్మా. ఇటు తిరగండి."

ఆదివారం దాకా నాదే గెలుపు. ఆయన చర్చి నుంచి బైబిలు చంకలో పెట్టుకుని నేరుగా వస్తే, అత్త గుమ్మంలోనే ఆపేసింది.

"ఆదివారం ఉసిరికాయ ముట్టుకుంటామటండీ? ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?"

ఆయన, నువ్వెక్కిన చెట్టు నువ్వే దిగు అన్నట్టు నావైపు చూశారు.

"ఆదివారం సీసా వేరత్తా. అది నిమ్మకాయది."

"నిమ్మకాయకంత బలముందంట్రా?"

"అందుకే కాస్త ఎక్కువ మండుతుంది."

వేయించుకుంది. "అవున్రా, పుల్లగా మండుతోంది!" అంది కూడా.

నెలల తరబడి ఒక్క సూదీ తప్పలేదు. చివరికి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఇక చాలన్నారు. ఉసిరికాయలు కాదమ్మా, సూదిమందు బతికించిందని నచ్చజెప్పబోయారు. అత్త నవ్వేసింది.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే బస్సులో పక్కసీటాయన దగ్గుతుంటే వెంటనే అందుకుంది. "సి విటమిన్ వాడండి బాబూ. బందర్లో ఓ సరంగు మూడు బస్తాలు మోశాడు. మా మేనల్లుడు కళ్లారా చూశాడు!"

ఆయన నావైపు తిరిగారు. "నిజమేనాండీ?"

"నిజమేనండీ," అన్నాను. "కానీ ముందు డాక్టరుకు చూపించుకున్నాడు. రోజూ సూది వేయించుకున్నాడు. ఆదివారాలు కూడా మానలేదు."

అత్త నావైపు వింతగా చూసింది. ఈ ముక్క ఆమె ఎప్పుడూ వినలేదు.