తలుపుగా వెళ్ళి బల్లగా వచ్చింది

మా పిన్నిది కలిదిండి దగ్గర కొల్లేటి ఊరు. మోకాళ్ళు పట్టేయడంతో పోయిన వేసవి నుంచి చర్చికి వెళ్ళడం మానేసింది. అక్కడ అందరూ చాపల మీద కూర్చుంటారు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తామంటే ససేమిరా అంది. ఇన్నేళ్ళూ ఆదివారం పొద్దున్నే ఆ చర్చి తలుపు తీసిన మనిషి, ఇంట్లో కూర్చుని మైకులో పాట వింటూ కళ్ళు ఒత్తుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆ వేసవిలోనే చర్చికి కొత్త తలుపులు పెట్టారు. పాత టేకు తలుపుల్ని పెద్దల్ని అడిగి కొనుక్కుని, తాడేపల్లిగూడెంలో పాత కలపతో సామాన్లు చేసే అడితికి పంపాను. చేతులున్న కుర్చీ చేయమని ఫోన్లో చెప్పాను. తను తీసిన తలుపే కుర్చీ అయి వస్తే కాదనలేదు కదా అని నా ఎత్తు.

క్రిస్మస్ ముందు శనివారం ఏలూరులో ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకి గూడెంలో దిగాను. అడితి నిండా పడగొట్టిన పెంకుటిళ్ళ దూలాలు, ద్వారబంధాలు. అవే మంచాలూ బీరువాలూ అయి మళ్ళీ ఇళ్ళకెళ్తాయి. యజమాని రహీం గారు ఒక దూలం మీద అయస్కాంతం తిప్పుతున్నారు. లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్ళు ఊడిపోతాయట. నన్ను చూడగానే నవ్వుతూ గోనెపట్టా తీశారు. కింద కుర్చీ లేదు. నలుగురు కూర్చునేంత బల్ల ఉంది!

"ఇదేంటండీ! నేను కుర్చీ కదా చెప్పింది?"

"చెప్పారండీ. కానీ అంత పొడుగు చెక్కని ముక్కలు చేయడానికి చెయ్యి రాలేదండీ. పొడుగు పోతే మళ్ళీ రాదు కదండీ. ఇనప మేకు ఒక్కటీ కొట్టలేదు, అన్నీ వెదురు మేకులే. రేపు మీకు బల్ల వద్దనుకుంటే విప్పేసి ఇంకోటి చేసుకోవచ్చు."

ఒళ్ళు మండిపోయింది. వేరే కుర్చీ చేయించడానికి పండగ లోపల టైమెక్కడిది? విసుక్కుంటూనే రెండు వేలకి ట్రాలీ ఆటో మాట్లాడి బల్ల ఎక్కించాను. డ్రైవర్ శ్రీను గణపవరం మీదుగా ఆకివీడు పట్టించాడు. అక్కడ కొరమేను పులుసుతో భోజనం చేశాం. కారానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చినా రెండోసారి వేయించుకున్నాను.

"బల్ల చాలా బాగుందండీ. మొహం అలా పెట్టారేంటండీ?" అన్నాడు శ్రీను.

"నువ్వు రోడ్డు చూసి నడపవయ్యా," అన్నాను.

ఆకివీడు దాటాక రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద బారులు తీరిన కొంగలు. కోపం ఎక్కడ దిగిపోయిందో నాకే తెలియదు. నాలుగింటికి చర్చి ముందు ఆగాం. పండక్కి ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పిన్ని కర్ర ఊతంతో మెల్లగా వచ్చి, బల్ల మీద పాత గడియ తాలూకు గుంటని వేలితో తడిమింది.

"బాగుందే తల్లీ. కానీ అందరూ కిందుంటే నేనొక్కదాన్నీ పైన ఎలా కూర్చోను?"

ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా అనుకున్నాను. ఇంతలో పిన్ని బల్ల ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది.

"ఒసే మరియమ్మా, నీకూ మోకాళ్ళు పోయాయిగా, రా. సుగుణని కూడా పిలు. శాంతమ్మా, నువ్వూ రావే!"

నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. కుర్చీ తెచ్చి ఉంటే అది ఏ మూలో దుమ్ము కొట్టుకుని ఉండేది. నేను పిన్ని ఒక్కదాని గురించే ఆలోచించాను. ఆవిడ బాధేమో మోకాళ్ళ నొప్పి ఒక్కటే కాదు, అందరిలోంచి విడిపోవడం. రహీం గారికి ఇదంతా తెలియదు, ఆయన చెక్క మీద ప్రేమకొద్దీ కొయ్యలేదు. ఆ రాత్రే ఫోన్ చేసి క్షమించమన్నాను.

మీరూ పాత కలపతో ఏమైనా చేయించుకోవాలనుకుంటే ఒక్క మాట: ముందు చెక్క పొడుగు చూసి, దాన్ని వీలైనంత తక్కువ కోసి ఏం చేయొచ్చో అడగండి. అన్నట్టు, ఆదివారం ఆరాధనలో నేనూ ఆ బల్ల చివర ఇరుక్కోబోయాను. పిన్ని మోచేత్తో పొడిచింది.

"నీకు ఇంకా టైముందిలే. చాప మీద కూర్చో!"