ఊపిరి తీసుకోని పాట

కనకమామిడిలో క్రైస్తవుల ఇళ్లల్లో ఎవరు కన్నుమూసినా ఆ ఇంటికి అరుణమ్మ వెళ్లాల్సిందే. వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంటుంది. బియ్యం ఏరుతూనో, పసిపిల్లకు బువ్వ తినిపిస్తూనో మెల్లగా అడుగుతుంది. "కోపమొస్తే ఏమంటుండె? ఏ కూర ఇష్టంగ తింటుండె? ఎవలను తిట్టి మళ్ల ఎవలకు అన్నం పెడుతుండె?" వాళ్లు ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ చెప్పిందంతా విని ఒక పాట కడుతుంది. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చేందుకు పెట్టే ఆదరణ కూడిక నాడు పాస్టరయ్య ప్రార్థన అయ్యాక ఆ పాట పాడితేనే పోయిన మనిషిని చక్కగా సాగనంపినట్టని ఊళ్లో అనుకుంటారు. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. నోట్లో పాట పెట్టిన ప్రభువే చేయించుకుంటున్నాడని ఆమె నమ్మకం.

పగలంతా ఊరి పక్కన పూల షెడ్డులో జెర్బెరా పూలు కోయడం ఆమె కూలి. పక్క సాలులో ప్రేమమ్మ ఉండేది. ప్రేమమ్మకు ఆయాసం. పాట సగం పాడి ఊపిరి కోసం ఆగితే, మిగతా సగం అరుణమ్మ అందుకునేది. ఏళ్ల తరబడి ఒక్క పాటను ఇద్దరూ అట్లాగే పంచుకున్నారు. ఒకనాడు పూలకట్టలు కడుతూ ప్రేమమ్మ అన్నది.

"వదినె, నేను పోతే నా పాట నువ్వే పాడాలె. కానీ లేని గొప్పలు పెట్టకు. క్రాంతిని కన్నది మా ఆశక్క. నేను ఎత్తుకున్న, గంతే. అక్క పేరు ముందు రావాలె."

"ముందు నువ్వు పోతవని ఎవలు చెప్పిండ్రు? నేనే పోతనేమో."

"నువ్వు పోతే నీ పాట నేనెట్ల పాడుత? సగంల దమ్ము ఆగిపోతది," అని ప్రేమమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆశ, క్రాంతి కుమార్‌ను కని చేవెళ్ల దవాఖానలోనే కన్నుమూసింది. ఆ పసిగుడ్డును చెల్లెలు ప్రేమమ్మ ఇంటికి తెచ్చుకుని, పెళ్లి మాటే తలపెట్టకుండా పెంచింది. ఏటా ఈస్టర్ పొద్దున వాణ్ణి సమాధుల దగ్గరికి తీసుకుపోయి, "గీమె మీ అమ్మ, దండం పెట్టు," అని చెప్పేది. అట్లాంటి ప్రేమమ్మ ఈ మధ్యే ఆయాసం ఎక్కువై కన్నుమూసింది.

అరుణమ్మ వెళ్లేసరికి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎదురింటి ముత్తమ్మ ఫ్లాస్కు నిండా చాయ్ తెచ్చి, ఎవరూ అడగకుండానే గ్లాసుల్లో పోస్తున్నది. ఆమె పెనిమిటి అంజిలయ్య ఎక్కడినుంచో కుర్చీలు మోసుకొచ్చి వేస్తున్నాడు. అరుణమ్మ క్రాంతి పక్కన కూర్చుంది. అతడు దొంతన్‌పల్లి వైపు కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"బిడ్డా, అమ్మ గురించి జర చెప్పు. పాటకు..."

"తిప్పలు పడకత్తా. పాట అయిపోయింది."

"ఎవలు కట్టిండ్రు?"

"ఫోన్ల ఏఐ యాపే కట్టింది. అమ్మ వాట్సాప్‌ల పెట్టిన వాయిస్ మెసేజ్‌లు దాంట్ల వేసిన. కష్టపడ్డది, నన్ను పెంచింది అని రాసిన. చాయ్ తాగేలోపల వచ్చేసింది. అమ్మ గొంతే అత్తా. విను."

వయొలిన్లు మోగాయి. తర్వాత ప్రేమమ్మ గొంతు వచ్చింది. "నవమాసాలు మోసితినిరా నా చిట్టి తండ్రీ, పురిటి నొప్పులు ఓర్చితినిరా..."

పుచ్చిన పల్లీ నోట్లో పడ్డట్టు అరుణమ్మ ముఖం ముడుచుకుంది. ఎన్నడూ ఒక్క చరణం నిండుగా పాడలేని మనిషి ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, దగ్గకుండా, తన జన్మలో అనని మాటలు అంటున్నది. చచ్చిన మనిషి దవడ పట్టుకుని ఎవరో ఆడిస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

"ఆపు బిడ్డా. గిది అబద్ధం. నిన్ను మోసింది..."

"అమ్మ పాట అంటే గట్లనే ఉంటది గదత్తా. గంత లోతుకు ఎవలు పోతరు?" అంటూనే అతడు కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లు చూసి అరుణమ్మ చాయ్ గ్లాసు అతడి చేతికిచ్చింది.

ఆదివారం సాయంత్రం ఇంటి ముందు షామియానా కింద కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక క్రాంతి ఫోనును స్పీకరుకు కలిపాడు. ప్రేమమ్మ గొంతు వాకిలంతా నిండింది. జనం ఉలిక్కిపడ్డారు. తర్వాత ఒక్కొక్కరు ఫోన్లు పైకెత్తి రికార్డు చేసుకోసాగారు. చర్చి మైకు చూసుకునే సుకుమార్ అయితే, "అచ్చం ప్రేమక్కనే! మైకుల ఎన్నడు గింత మంచిగ పాడలే. నాకు పంపు క్రాంతన్నా," అన్నాడు. ప్రేమమ్మ బతికుండగా దగ్గుతూ పాడితే కూర్చోమని చెప్పింది ఇతడే. అరుణమ్మ తల తిప్పుకుంది.

ముందు వరసలో ఎస్తేరవ్వ ఉన్నది. ఆశకూ ప్రేమమ్మకూ తల్లి. పాట సగంలో ఆమె చేతికర్ర నేలకు కొట్టింది.

"ఏమంటున్నది? ఎవలు మోసిండ్రంట?"

స్పీకరులో పాట సాగుతూనే ఉన్నది.

"నా పెద్ద బిడ్డ గదా మోసింది! ప్రేమ గట్లనదే! ఆశను యాడ పెట్టిండ్రయ్యా?"

క్రాంతి గబగబా పాట ఆపాడు. ముఖం నల్లబడింది. అవ్వ ముందు వంగి, "ఆ ఒక్క మాటే తప్పయింది అవ్వా. ఆశమ్మ పేరు రాస్త. రెండు నిమిషాలల్ల మళ్ల పాడుతది," అన్నాడు.

అప్పటిదాకా ఓర్చుకున్న అరుణమ్మ లేచింది.

"మళ్ల పాడుతది బిడ్డా, ఎందుకు పాడదు! ఇందాక మోసిన అన్నది. ఇప్పుడు మోయలే అంటది. రేపు నువ్వు 'క్రాంతి నా బిడ్డే కాదు' అని రాస్తే గది గూడ అంటది. అన్నిట్కీ ఒక్క తీరుగనే ఏడుస్తది. దానికి ఏం పోయింది? మీ అమ్మ ఒక్క మాట కోసం బతుకంత ఇచ్చింది. నన్ను మోసింది ఆశమ్మ అని నీతోని అనిపించేటందుకు."

క్రాంతి ఫోనును స్పీకరు నుంచి విడదీశాడు.

"నువ్వు పాడు అరుణా," అన్నది ఎస్తేరవ్వ.

అరుణమ్మ మైకు పట్టుకోలేదు. అవ్వ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, పూల షెడ్డులో పాడుకునే వరసలోనే ఎత్తుకుంది. ఆశమ్మ కన్నది, ప్రేమమ్మ ఎత్తుకున్నది. ఇద్దరి నడుమ ఒక్క కొడుకు, ఇద్దరికీ ఒక్క దేవుడు. గొంతు బొంగురుపోయింది. ఒకచోట ఏడుపు అడ్డొచ్చి పాట తెగింది, మళ్లీ అతికింది. చెప్పుకునేంత గొప్పగా ఏమీ పాడలేదు. ఎవరి ఫోనూ పైకి లేవలేదు. ఆశ పేరు వచ్చిన ప్రతిసారీ ఎస్తేరవ్వ మాత్రం పిలుపు విన్నట్టు "ఊఁ" అన్నది.

జనం వెళ్లాక క్రాంతి వచ్చి అరుణమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఆ పాట నా ఫోన్లకెంచి తీసేసిన అత్తా."

"ఊరోళ్ల ఫోన్లల్ల?"

అంతలోనే పక్క సందులోంచి వయొలిన్లు వినిపించాయి. ఆ వెంటే ప్రేమమ్మ గొంతు, నవమాసాలు మోసితినిరా అంటూ. ఎవరో సౌండు పెంచారు. ఎవరో "మళ్ల పెట్టు, మళ్ల పెట్టు," అన్నారు.

క్రాంతి చెప్పులైనా వేసుకోకుండా లేచి అటు పరిగెత్తాడు. అరుణమ్మ అవ్వ చెవులు రెండూ తన అరచేతులతో మూసి పట్టుకుంది.