కట్నం అడగని భర్త మీద పిటిషన్

ఎండుమిర్చి బస్తాల లారీ మా ఆఫీసు ముందు ఆగితే చాలు, ఘాటుకి ఇప్పటికీ నాకు వరసగా నాలుగు తుమ్ములు వస్తాయి. వెంటనే లాయరు రాజ్యలక్ష్మిగారు గుర్తొస్తారు. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లే దారిలో ఆవిడ ఆఫీసు. అక్కడ టైపిస్టుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. నేను తుమ్మినప్పుడల్లా "సాక్షి హాజరు" అని ఆవిడ ఏడిపించేవారు.

గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. యార్డులో రంగు పోయిన తాలుకాయలు ఏరే నాగేంద్రం ఒక మధ్యాహ్నం వచ్చింది. తనకు ఇష్టం లేకపోయినా, జ్వరమొచ్చినా భర్త వదలడనీ, కాదంటే చేతులు విరిచిపట్టి బలవంతం చేస్తాడనీ తల దించుకునే చెప్పింది. రాజ్యలక్ష్మిగారు అంతా రాసి కాగితం నాకిచ్చారు. కొత్తగా పెళ్లయినదాన్ని, ఆ మాటలు టైపు కొట్టడానికి సిగ్గేసింది. అప్పట్లో ఆడవాళ్ల పిటిషన్లలో తరచూ కనిపించే "అదనపు కట్నం కోసం వేధించుచున్నాడు" అన్న వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆమె మాటల బదులు అదే కొట్టేశాను. ఆమె పరువు కాపాడాననుకున్నాను కూడా.

వేలిముద్ర వేయించే ముందు ప్రతి పిటిషనూ పైకి చదివించడం రాజ్యలక్ష్మిగారి పద్ధతి. నేను చదువుతుంటే నాగేంద్రం అడ్డుపడింది.

"కట్నం ఎవరడిగారమ్మా? ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నే చెప్పిందేదీ?"

రాజ్యలక్ష్మిగారు కాగితం చింపేసి మెల్లగానే అన్నారు. "రేపు కోర్టులో అడిగితే కట్నం మాట లేదనే చెబుతుందీమె. కేసు పోతుంది. మళ్లీ అతని దగ్గరే పడి ఉండాలి. ఆమె నోటితో చెప్పగలిగింది, నువ్వు చేత్తో కొట్టలేవా?"

మళ్లీ కొట్టాను, ఆమె చెప్పింది చెప్పినట్టు. భర్త చేస్తే దాన్ని అత్యాచారమని చట్టం అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అయినా కొత్త చట్టం దాన్ని హింసగా ఒప్పుకుంది. ఆ ఆధారంతోనే అతను ఆమె ఉంటున్న ఇంటి గడప తొక్కకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చారు. నెల తర్వాత నాగేంద్రం నవ్వుకుంటూ వచ్చింది. "కంటినిండా నిద్రపోతన్నానమ్మా" అంది. ఆ రోజంతా నాకు పండగలా గడిచింది.

రాజ్యలక్ష్మిగారి పోరు పడలేక నేనూ లా చదివాను. ఆవిడ ఇప్పుడు లేరు, ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. ఆవిడ దగ్గర మొదట్లో పిటిషన్ చదివేటప్పుడు అలాంటి వాక్యం రాగానే నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. "ఎందుకు గొణుగుతావు? తప్పు చేసింది ఆమా?" అనేవారావిడ. ఇప్పుడు ఇంటి నంబరు చదివిన గొంతుతోనే ఆ వాక్యమూ చదువుతాను. చాలాసార్లు, ఎదుట తల దించుకుని కూర్చున్న మనిషి సరిగ్గా అక్కడే తలెత్తి నా వంక చూస్తుంది.